వెనక్కి తిప్పినా మారని ఘట్టము

మేము వ్యవసాయం చేసుకునే వృద్ధ దంపతులము. కంప్యూటరు ఆటలు మాకు రావు. అయినను ఒక ఆటను గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఎందుకనగా తండ్రి లేని బిడ్డలను పెంచుతున్న ఇండ్లు మన పల్లెలలో చాలా ఉన్నవి.

ఆ ఆట పేరు ‘లయన్ కింగ్’. 1994లో అమెరికాలో డిస్నీ సంస్థ అదే పేరుతో ఒక బొమ్మల చలనచిత్రమును విడుదల చేసింది. ఆఫ్రికా అడవిలో ముఫాసా అను సింహరాజు, అతని పిల్ల సింబా, రాజ్యముపై కన్నేసిన పినతండ్రి స్కార్, ఇదీ కథ. అదే సంవత్సరములో వెస్ట్‌వుడ్ స్టూడియోస్ వారు దీనిని టి.వి.కి తగిలించి ఆడే ఆటగా తయారుచేశారు. అందులో పది మజిలీలున్నవి. మీటలు నొక్కుతూ సింహపు పిల్లను గెంతించాలి, దొర్లించాలి, గర్జింపజేయాలి.

రెండవ మజిలీ మిక్కిలి కష్టము. కోతులు సింబాను పట్టుకొని ఒకదాని నుండి మరొకదానికి విసురుతాయి. ఏ కోతి ఎటు తిరిగి ఉండాలో చూచుకొని, ముందుగా గర్జించి వాటిని తిప్పుకోవాలి. ఆ రోజుల్లో అమెరికాలో ఇట్టి ఆటలను అద్దెకిచ్చే దుకాణాలుండేవి. అద్దెకు తెచ్చినవారు రెండు రోజులలో ముగించి తిరిగి ఇచ్చివేయకుండునట్లు ఆటను కష్టతరము చేశామని, తయారుచేసినవారిలో ఒకరైన లూయీ క్యాజిల్ చాలా ఏండ్ల తరువాత చెప్పారు. ఆ మజిలీ దాటలేని పిల్లలలో ఎందరు తమకే చేతకాదనుకున్నారో!

2019లో ఈ ఆటను క్రొత్త యంత్రాలకు, కంప్యూటర్లకు అనువుగా మరల విడుదల చేశారు. ఈసారి అందులో వెనక్కి తిప్పే సదుపాయము పెట్టారు. గోతిలో పడితే మొదటినుండి ఆడనక్కరలేదు. మీట నొక్కితే కొన్ని క్షణాలు వెనక్కి వెళ్లి, తప్పు దిద్దుకోవచ్చును.

హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే మా అబ్బాయి దానిని తన కొడుకు కొరకు కొన్నాడు. తండ్రీకొడుకులు ఆదివారం మధ్యాహ్నములు ప్రక్కప్రక్కన కూర్చుని ఆడుకునేవారు. కోతుల దగ్గరకు వచ్చేసరికి తండ్రి, అవి దాటిన తరువాత కొడుకు.

2021లో కోడలు, మనుమడు మా ఊరికి వచ్చియున్నారు. మరునాడు పిల్లవాని పుట్టినరోజు. “నాన్నా, ఈ రాత్రికే వచ్చేయవా?” అని వాడు ఫోనులో అడిగాడు. మా అబ్బాయి మోటారు సైకిలుపై బయలుదేరాడు. దారిలో దీపాలు లేకుండా రోడ్డు మీద నిలిపియున్న లారీ అతనికి కనబడలేదు. అంతకంటే వ్రాయలేము.

అప్పటినుండి కోడలు, మనుమడు మా దగ్గరనే ఉన్నారు. పిల్లవాడు బడికి వెళ్లేవాడు, పెట్టినది తినేవాడు, అడిగినదానికి జవాబిచ్చేవాడు. ఏడ్చేవాడు కాదు. సాయంకాలము తండ్రి లాప్‌టాప్ తెరిచి ఆ ఆటే ఆడేవాడు. అయితే ప్రతిదినము ఒకేచోట ఆగిపోయేవాడు.

అది నాలుగవ మజిలీ. ఇరుకైన లోయలో సింబా ప్రాణభయముతో పరుగెత్తుతుంటుంది. వెనుకనుండి వైల్డ్‌బీస్ట్ అను అడవి జంతువుల మంద దూసుకొస్తుంది. ప్రక్కకు తప్పుకోవాలి, రాళ్లమీదుగా దూకాలి. మా మనుమడు చక్కగా దాటించేవాడు. దాటించిన వెంటనే వెనక్కి తిప్పి మరల మొదలుపెట్టేవాడు. ఒక సాయంకాలములో ఇట్లు పది పన్నెండుసార్లు.

“దాటేశావుగా బాబూ, మరల ఎందుకు?” అని అడిగాము.

వాడు తెరవైపే చూస్తూ, “ఇంకా బాగా పరిగెత్తిస్తే వాళ్ల నాన్న బతుకుతాడేమోనని, తాతయ్యా” అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి వాడే అన్నాడు: “నేను రమ్మన్నాను. అందుకే నాన్న వచ్చాడు.”

ఆ రాత్రి వాని ప్రక్కన కూర్చుని కథంతా చెప్పించుకున్నాము. మందను లోయలోనికి తరిమించినది ఎవరు? స్కార్. బిడ్డను కాపాడి పైకి ఎక్కుతున్న ముఫాసాను త్రోసివేసినది ఎవరు? స్కార్. ‘నీ వలననే నీ తండ్రి చనిపోయాడు’ అని పిల్లకు చెప్పినది ఎవరు? అదే స్కార్. “మరి సింబా చేసిన తప్పేమి?” అని అడిగాము. వాడు చాలాసేపు ఆలోచించి, “ఏమీ లేదు” అన్నాడు.

“నీదీ అంతే, నాయనా” అని వాని నాయనమ్మ దగ్గరకు తీసుకున్నది. “బిడ్డ రమ్మని పిలవడం తప్పు కాదు. నీవు పిలిచావని మీ నాన్న ఎంతో సంతోషముతో బయలుదేరాడు. నీవు పది మజిలీలు ఎంత బాగా ఆడినా, ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా, ఆ ఆటలో ముఫాసా బ్రతకడు. అది ఆడేవాని లోపము కాదు.”

వాడు అప్పుడు ఏడ్చాడు. తండ్రి పోయిన తరువాత వాడు అట్లు ఏడ్చుట అదే మొదటిసారి.

వాని దుఃఖము ఆ రాత్రితో తీరిపోయినదని చెప్పము. అదే మాట వేరే విధములుగా ఎన్నోసార్లు అడిగాడు. అడిగినప్పుడెల్లా అదే జవాబు చెప్పాము. కొన్ని వారములకు అయిదవ మజిలీకి వెళ్లాడు. అటుపిమ్మట సింబా జూలుగల సింహమై, విడిచిపోయిన రాజ్యమునకు తిరిగివచ్చి స్కార్‌ను ఎదిరించే వరకు ఆడాడు. ఇప్పుడు హైస్కూలులో చదువుతున్నాడు. పుట్టినరోజు నాడు ఇప్పటికీ అన్నము సరిగా తినడు. మేమూ తినలేము.

తల్లిదండ్రులారా, అవ్వాతాతలారా! ఇంట మరణము సంభవించినప్పుడు పెద్దలము కలిసి ఏడుస్తాము. పిల్లలు మూలన మౌనముగా ఉంటే, వారికి తెలియదులే అనుకొనుట సులువు. ‘నేను మొండిచేసినందున, నేను అడిగినందున ఇట్లయినది’ అని చిన్న హృదయములు తమలో తామే తీర్పు తీర్చుకుంటాయి. ఆ మాట వారు తమంతట తాము చెప్పరు. గనుక ప్రక్కన కూర్చుని అడగండి. వారిది కాని నిందను వారి మీదనుండి దించండి. ఒకసారి చెప్పి ఊరుకొనక, వారు నమ్మే వరకు చెప్పండి.