ఘాట్ రోడ్డు మెచ్చిన డిక్కీ బండి

అరకు టూరిస్టు బండి నడిపేవాడు కొత్త కారు కనిపిస్తే ముందు దాని డిక్కీ తెరిచి చూస్తాడు. విశాఖ రైల్వే స్టేషన్‌లో దిగిన కుటుంబంతోపాటు రెండు సూట్‌కేసులు, దుప్పట్ల సంచి, పిల్లల సామాను ఎక్కుతాయి. తిరుగు ప్రయాణంలో వాటికి కాఫీ పొడి, తేనె సీసాలు, కొండ చీపుళ్లు తోడవుతాయి. కాపు మీదున్న రోజుల్లో పనసపండూ ఎక్కుతుంది.

ఏసీ వేసి అద్దాలు మూసిన కారులో ముగ్గిన పనసపండు ఉంటే ఏమవుతుందో ఘాట్ డ్రైవర్లందరికీ తెలుసు. మామూలుగానే కడుపులో తిప్పే దారి అది. ఆ వాసన కూడా కలిస్తే గాలికొండ నుంచి టైడా దిగేలోపు బండి పక్కకి తీసి ఆపాల్సిందే. వెనక తలుపు పైకెత్తే కార్లలో మనుషులూ సామానూ ఒకే గాలిలో కూర్చుంటారు. డిక్కీ బండిలో సీటు వెనక గోడ ఉంటుంది. సడన్ బ్రేకు వేసినా సూట్‌కేసు ఎగిరి తల మీద పడదు. ఊరంతా ఎత్తు బళ్ల మోజులో ఉన్నా నేను డిక్కీ బండిని వదలకపోవడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం పెద్దవాళ్లు. ‘మోకాళ్లు పట్టేశాయి బాబూ, మెట్టెక్కే బండి వద్దు’ అని ఫోన్లోనే చెప్పే అమ్మలు చాలామంది. వాళ్లు మారుతి డిజైర్ లాంటి డిక్కీ బండిలో తలుపు తీసి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు.

ఈ డిక్కీకి పెద్ద కథే ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం తగ్గించారు. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ ఆ కొలత దాటే ఉండేది. డిక్కీ 440 లీటర్లు. 2012లో పన్ను కోసం తోక కత్తిరించి 3,995 మిల్లీమీటర్లకి తెచ్చారు. దాంతో డిక్కీ 316 లీటర్లకి పడిపోయింది. అప్పట్లో ఒక సూట్‌కేసు ఎప్పుడూ పైన క్యారియర్ మీదే. 2017లో డిక్కీ 378 అయింది. 2024 నవంబరు 11న విడుదలైన నాలుగో తరం డిజైర్‌లో 382. పొడవు మాత్రం అదే 3,995. కత్తిరించిన తోక అతికించినట్టు కాకుండా కారుతోపాటే పుట్టినట్టు కనిపించడం ఈసారి డిజైన్‌లో నాకు బాగా నచ్చింది.

ఘాట్ డ్రైవర్‌కి అంతకంటే పెద్ద మార్పు లోపల ఉంది. ఇరుకు మలుపులో పైనుంచి ఆర్టీసీ బస్సు దిగుతుంటే ఎక్కే బండి ఒక్కోసారి వాలులోనే ఆగాలి. బస్సు దాటాక కదిలించేటప్పుడే డ్రైవర్ పనితనం తెలిసిపోతుంది. కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదకి వెళ్లేలోపే బండి వెనక్కి జారుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ సగం వదిలి, బానెట్ కాస్త పైకి లేస్తున్నట్టు తెలిశాక హ్యాండ్ బ్రేకు దించడం మా పాత పద్ధతి. సర్వీసు జీపుల కాలంలో అయితే క్లీనర్ దూకి వెనక చక్రానికి రాయి వేసేవాడు. ఇప్పుడు ఆ రాయి పని హిల్ హోల్డ్ చేస్తోంది. కాలు తీశాక కూడా ఒకటి రెండు సెకన్లు బ్రేకు పట్టి ఉంచుతుంది. మాకు ఆ మాత్రం చాలు. తడి మలుపులో బండి పక్కకి జారబోతే ఏ చక్రానికి బ్రేకు పడాలో దానికే వేసే ఈఎస్‌పీ కూడా ఉంది.

ఇవి బేస్ మోడల్ నుంచే ఇచ్చారు. పాత తరంలో రెండే ఉన్న ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు అన్ని మోడళ్లలోనూ ఆరు. కార్ల భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల రక్షణకి ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణకి నాలుగు వచ్చాయి. మారుతి కార్లలో ఆ సంస్థ దగ్గర ఐదు తెచ్చుకున్న మొదటిది ఇదే. రోజూ లోయ అంచున వేరే ఇళ్ల బిడ్డల్ని కూర్చోబెట్టుకుని నడిపే నాకు ఈ ఒక్క కబురు మిగతా హంగులన్నిటికంటే ఎక్కువ.

ఇంజను దగ్గర మాత్రం డీజిల్ రోజులు గుర్తొస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో మారుతి డీజిల్‌కి సెలవిచ్చింది. ఆ 1.3 లీటర్ల ఇంజను 190 న్యూటన్ మీటర్ల లాగుడు 2,000 చుట్ల దగ్గరే ఇచ్చేది. నిండు బండి మూడో గేరులో ఎక్కేసేది. కొత్త మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను పూర్తి లాగుడు 112, అదీ 4,300 చుట్ల దగ్గర. అందుకే నలుగురు కూర్చున్నప్పుడు ఎక్కుడులో సెకండ్ గేరు ముందే వేసుకోవాలి. మలుపు తిరిగాక వేద్దామంటే ఊపు పోతుంది. టన్ను కూడా లేని తేలిక బండి కావడం ఇక్కడ మేలు చేస్తుంది. దిగేటప్పుడూ సెకండే. న్యూట్రల్లో దించి పెట్రోలు మిగిల్చాలనుకునేవాడు బ్రేకుల్ని కాల్చేసుకుంటాడు. కంపెనీ చెప్పే 24.79 మైలేజి ఘాట్‌లో ఆశించకూడదు. శృంగవరపుకోట దాటి మైదానంలో పడ్డాకే ఆ లెక్క మెరుగుపడుతుంది.

నేల నుంచి ఎత్తు 163 మిల్లీమీటర్లే. తారు రోడ్డు ఆగిపోయిన చోట డిజైర్ కూడా ఆగాలి. డుంబ్రిగుడ, హుకుంపేట వైపు లోపలి గూడేలకి నేటికీ జీపే దిక్కు, అదీ వెళ్లలేని చోట డోలీ. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లిన డ్రైవర్లు మాలో ఉన్నారు. కొండకి కారు కంటే ముందు రోడ్డు కావాలి. ఆ మాట ఏ కారు మెచ్చుకున్నా చెప్పాల్సిందే.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దాంతో సొంత బండికి పసుపు బోర్డు వేసుకోవాలనుకునే ఏజెన్సీ కుర్రాళ్లు ‘అన్నా, ఏ మోడల్ తీసుకోమంటావు?’ అని అడుగుతున్నారు. సన్‌రూఫ్ ఉన్న మోడల్ జోలికి పోవద్దంటాను. గాలికొండ దగ్గర పిల్లలు అందులోంచి తల బయటపెడితే వంగిన కొమ్మలు తగులుతాయి. ప్రాణం కాపాడేవి బేస్ మోడల్‌లోనే ఉన్నాయి కాబట్టి అదే తీసుకుని, మిగిలిన డబ్బు టైర్లకీ బ్రేకు ప్యాడ్లకీ దాచుకోమంటాను. మైదానంలో కంటే ఘాట్‌లో అవి ముందే అరుగుతాయి. అరిగిన టైర్ల మీద ఏ ఈఎస్‌పీ కూడా బండిని నిలబెట్టలేదు.