ఉప్పు తగ్గిన మాగాయ

మాగాయలో ఉప్పు తగ్గించడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఒకటి. అబూదాబీలో ఉన్న మా అన్నయ్యకి రక్తపోటు. ఉప్పు మానమన్నారు డాక్టర్లు. చెల్లెల్ని కదా, ప్రేమ పొంగి, ఎప్పుడూ వేసే ఉప్పులో సగమే వేసి జాడీడు మాగాయ పెట్టి విమానంలో మోసుకెళ్లాను. అక్కడ మూత తీస్తే పైన తెల్లగా బూజు! వదిన ఏమీ అనలేదు. పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, అంతే.

ఆ సాయంత్రం సముద్రపు ఒడ్డుకి వెళ్లాం. ఆగస్టు నెల. చల్లగా ఉంటుందని పాదం పెట్టానో లేదో, స్నానానికి కాచిన నీళ్లే!

"అత్తా, ఈ నీళ్లడుగున పగడాలున్నాయి తెలుసా?" అన్నాడు మేనల్లుడు. సముద్ర జీవుల చదువు వాడిది.

నేనెరిగిన పగడాలు నా మెడలో నల్లపూసల మధ్య ఉన్న రెండే. నగల్లో వాడేవి వేరే జాతివట, దిబ్బలు కట్టేవి వేరట. ఏవైతేనేం, "ఉడికిపోవురా? ఇంత ఉప్పులో మాగాయ ముక్కల్లా ఊట వదిలేసి వడిలిపోవూ?" అన్నాను. బి.ఏ. చదువుకి అంతకన్నా మంచి ప్రశ్న తట్టదు.

వాడు నవ్వలేదు. పగడం ఒంట్లో కంటికానని నాచు కాపురముంటుందట. నాచు ఎండతో వంట చేసి పెడుతుంది, పగడం చోటిస్తుంది. మామూలు సముద్రాల్లో వేసవి వేడి ఎప్పటికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలుంటే చాలు, ఈ కాపురం చెడుతుంది. నాచు విషం కక్కుతుంది, పగడం దాన్ని వెళ్లగొడుతుంది, తెల్లబోతుంది, చివరికి ఆకలితో చస్తుంది. ఇక్కడివి మాత్రం 34 డిగ్రీలు దాటినా ఓర్చుకుంటాయి. వాటిలో ఉండే నాచే వేరు. 2015లో దానికి థెర్మోఫైలం అని పేరు పెట్టారు, వేడంటే ఇష్టమున్నది అని అర్థం.

ఇక ఉప్పు. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాములుంటే ఇక్కడ 42 దాటుతుంది. అంత ఉప్పులో నాచులు ఫ్లోరిడోసైడ్ అనే చక్కెరలాంటి పదార్థాన్ని తయారుచేసుకుంటాయట. అది ఒంట్లో నీరు బయటికి పోనివ్వదు. వేడికి పుట్టే విషాన్నీ కొంత విరుస్తుంది. అంటే నేను శత్రువనుకున్న ఉప్పే అక్కడ కాపు కాస్తోందన్నమాట.

"అయితే వీటిని పట్టుకెళ్లి మన లక్షద్వీపాల్లో నాటితే?"

"పరిశోధనశాలలో ఉప్పు తగ్గించిన నీళ్లలో పెట్టి చూశారత్తా. వేడికి ఓర్చుకునే గుణం కాస్తా పోయింది."

"నీ మాగాయలాగే" అంది వదిన. అప్పటికి కసి తీరింది కాబోలు.

ఆ ఓర్పుకీ హద్దుంది మరి. 2017 వేసవిలో గాలులు సరిగా వీయక నీటి వేడి 36 దాటిందట. మర్నాటి వసంతానికల్లా ఈ దక్షిణపు తీరాన పగడాల్లో మూడింట రెండు వంతులు పోయాయి. వాడు ఆ మాట చెబుతూ నీళ్లకేసే చూస్తున్నాడు.

అన్నయ్య అప్పటిదాకా మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ల క్రితం వచ్చాడిక్కడికి. వచ్చే ఏడు రిటైరై కాకినాడ వచ్చేయాలని, ఇంటికి సున్నాలు కూడా వేయించాడు. ప్యాంటు మడిచి మోకాటిలోతు నీళ్లలో నిలబడి, "అయితే అక్కడి నీళ్లు పడవంటావా?" అన్నాడు కొడుకుతో.

"పడవు నాన్నా" అన్నాడు వాడు, పగడాల సంగతే అనుకుని.

వదిన తలెత్తి చూసింది. ఇసక దులుపుకుని అందరం కారెక్కాం.