తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉంది?

పాడేరు, అరకు, చింతపల్లి నుంచి ఐటీఐ, డిగ్రీ అయ్యాక మనలో చాలామందిమి పని కోసం విశాఖే దిగుతాం. షట్‌డౌన్ పనులు, ట్యాంకులు కడిగే పనులు. కాంట్రాక్టర్ మనిషి “ఐదు నిమిషాల పనేరా, దిగు” అంటాడు. కొత్తోళ్లం, కాదనలేం.

మన ఊళ్లో ఎవరైనా గెడ్డలో పడితే ఆలోచించం, దూకేస్తాం. ట్యాంకు దగ్గర ఆ మంచితనమే ప్రాణం తీస్తుంది. ఒకడు పడిపోతే, తీయడానికి దిగినోడూ అక్కడే పడిపోతాడు. ఎందుకంటే గ్యాస్ కంటికి కనిపించదు.

మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కన్నా తగ్గితే దిగకూడదు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, కానీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలీదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు. మూతికి కట్టిన గుడ్డ ఏ గ్యాస్‌నీ ఆపదు.

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు: లోపల గాలి పరీక్షించి, ప్రమాదం లేదని అర్హత ఉన్న మనిషి కాగితం మీద రాసివ్వాలి. లేదంటే శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టూ తాడూ కట్టుకుని దిగాలి. ఆ తాడు రెండో కొస బయట ఉన్న మనిషి పట్టుకోవాలి.

అంటే అడగడం పొగరు కాదు, హక్కు. ఒక్కడే అడిగితే రేపట్నుంచి రావద్దంటారేమో. అందుకే పనికెళ్లేవాళ్లం అందరం కలిసే అడుగుదాం. మీటర్‌తో గాలి చూడకుండా దిగం. బయట మనిషి లేకుండా దిగం. మనోడు పడిపోతే తాడు లాగుదాం, కేకేసి రెస్క్యూ వాళ్లని పిలుద్దాం. పరికరం లేకుండా మాత్రం దూకొద్దు, తమ్ముళ్లూ.

జై ఆదివాసీ!