ఎవరో వేసి మరచిన తాళం

ఇల్లు అమ్మినవాడు తాళంచెవుల గుత్తిని కొన్నవాని చేతిలో పెట్టి మరీ వెళతాడు. ఎద్దును అమ్మినవాడు దాని మంచిచెడ్డలు చెప్పి పలుపుతాడు అందిస్తాడు. కంప్యూటరు విషయంలో మాత్రం ఈ మర్యాద ఇంకా స్థిరపడినట్లు లేదు. పెద్ద పెద్ద కార్యాలయాలు కొన్నేళ్లు వాడిన యంత్రాలను ఒక్కసారిగా వదిలించుకుంటాయి. అవి ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌కో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకో చేరి, దుమ్ము దులుపుకొని, కొత్తది కొనలేని ఇళ్లకు వెళతాయి. వాటిలో కొన్నింటి లోపల ఎవరో వేసి మరచిన తాళం ఒకటి ఉంటుంది. అవసరం పడిన నాడు గాని కొన్నవారికి ఆ సంగతి తెలియదు.

నల్లగొండలో ఒక దర్జీ కుటుంబానికి 2021లో అది ఆ విధంగానే తెలియవచ్చింది. కూతురు పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగు చదువుతోంది. కళాశాల మూతపడి పాఠాలు ఇంటికే వచ్చిన రోజులవి. డ్రాయింగులన్నీ కంప్యూటరు మీద గీసి పంపాలి. తండ్రి చీటీ పాడగా వచ్చిన సొమ్ముతో సికింద్రాబాదులో ఒక పాత ఆఫీసు కంప్యూటరు కొని తెచ్చాడు. అందులో ఉన్నది 4 జీబీల ర్యామ్. డ్రాయింగు పెద్దదయ్యేకొద్దీ యంత్రం మొరాయించసాగింది. మరో 4 జీబీలు వేస్తే సరిపోతుందని తెలిసినవారు చెప్పారు.

ర్యామ్ కొనడంలో ఆ అమ్మాయి తొందరపడలేదు. డీడీఆర్2, డీడీఆర్3 రకాలు రెండింటికీ 240 పిన్నులే ఉంటాయి. చూపునకు కవలపిల్లల వలె ఉంటాయి. అయితే మొదటిది 1.8 వోల్టుల మీద, రెండవది 1.5 వోల్టుల మీద పనిచేస్తుంది. ఒకదాని చోట మరొకటి పట్టకుండా వాటి అంచున ఉండే గాటును వేర్వేరు చోట్ల పెట్టారు. ఆమె పాత స్టిక్కు మీది అక్షరాలు చూసి, సరిగ్గా అటువంటిదే తెప్పించింది. కరెంటు తీగ ఊడదీసి, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, స్టిక్కును స్లాటులో నిలిపి నొక్కింది. రెండు చివరలా కొక్కేలు టక్కుమని పడ్డాయి.

కంప్యూటరు కొత్త ర్యామ్‌ను గుర్తించింది, కాని వాడుకోలేదు. 8 జీబీలు ఉన్నాయని చెబుతూనే, 3 చిల్లర జీబీలు మాత్రమే పనికివస్తాయని తెరపై చూపింది. కారణం అందులోని విండోస్ 32 బిట్లది కావడం. 32 బిట్లతో వ్రాయగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అంటే 4 జీబీలు. అందులోనూ కొంత భాగం తెర మొదలైన పరికరాల చిరునామాలకు పోతుంది. ఇంటి నంబర్లు అయిపోయిన వీధిలో కొత్త ఇల్లు కట్టినట్లయింది. 64 బిట్ల విండోస్‌ను పెన్‌డ్రైవు నుండి ఎక్కించడం ఒక్కటే మార్గం. పెన్‌డ్రైవు నుండి మొదలుకావాలని బయాస్ సెటప్‌లో చెప్పాలి. సెటప్ తెరవబోతే పాస్‌వర్డు అడిగింది. మూడుసార్లు తప్పు పడేసరికి యంత్రం ఆగిపోయింది.

మదర్‌బోర్డు మార్చక తప్పదన్నాడు ఊళ్లోని రిపేరు మనిషి. ఆ ఖర్చుతో మరో పాత కంప్యూటరే వస్తుంది. తండ్రి ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా మిషను తొక్కుతూ కూర్చున్నాడు.

బయాస్ అన్న మాట 1970ల నాటి సీపీ/ఎం వ్యవస్థలో గ్యారీ కిల్డాల్ వాడుకలోకి తెచ్చినది. యంత్రం కళ్లు తెరిచీ తెరవగానే మొదట నడిచే ప్రోగ్రాము ఇదే. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో దాని అమరికలను దాచుకోవడానికి, బ్యాటరీ మీద బ్రతికే 64 బైట్ల చిన్న జ్ఞాపకాన్ని అమర్చారు. తరువాతి కాలంలో చాలా యంత్రాల పాస్‌వర్డు కూడా ఇటువంటి జ్ఞాపకంలోనే ఉండేది. వాటిలో బ్యాటరీ తీస్తే తాళమూ ఊడిపోతుంది. ఆ అమ్మాయి ఈ సంగతి చదివి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లును తీసి, కొంతసేపు ఆగి తిరిగి పెట్టింది. గడియారం వెనక్కి పోయింది గాని తాళం ఊడలేదు. కార్యాలయాల కోసం చేసిన తరువాతి యంత్రాలలో పాస్‌వర్డు కరెంటు లేకున్నా మరచిపోని చిప్పులో ఉంటుంది.

తయారీదారు పుస్తకంలో దానికీ ఉపాయం దొరికింది. మదర్‌బోర్డు మీద రెండు పిన్నులను కలుపుతూ జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దానిని తీసి యంత్రాన్ని ఒకసారి నడిపితే పాస్‌వర్డు చెరిగిపోతుంది. ఆ మాట వినగానే తండ్రి అడ్డుపడ్డాడు.

"ఒకరు వేసిన తాళం మనం తీయొచ్చునా అమ్మా?"

"రసీదు మన పేరనే ఉంది కదా నాన్నా!"

రసీదు ఉన్నా ఆయన మనసు ఒప్పలేదు. దుకాణానికి ఫోను చేశాడు. యంత్రాన్ని అమ్మిన కార్యాలయంలో ఆ పాస్‌వర్డు తెలిసినవారు ఎవరూ మిగల్లేదని, నిస్సంకోచంగా తీసుకోవచ్చునని దుకాణదారు చెప్పాడు. అప్పుడుగాని క్యాబినెట్ తెరవనివ్వలేదు. జంపర్ తీయడం, యంత్రాన్ని నడపడం, తిరిగి పెట్టడం పది నిమిషాలలో ముగిశాయి.

విండోస్ ఎక్కించే ముందు డిస్కులో ఏముందోనని చూసిన అమ్మాయి నిర్ఘాంతపోయింది. పాత కార్యాలయం వారి జీతాల పట్టికలు, ఉద్యోగుల చిరునామాలు, ఉత్తరాలు చాలావరకు అలాగే ఉన్నాయి. బయాస్ పాస్‌వర్డు సెటప్‌ను కాపాడుతుందే తప్ప డిస్కును కాదు. ఆ డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఎవరైనా చదువుకోవచ్చు. ఖాళీ గదికి తాళం వేసి, భోషాణాన్ని వీధి అరుగు మీద వదిలివెళ్లారన్నమాట.

"ఒకరి కాగితాలు మనకెందుకమ్మా, చెరిపెయ్యి" అన్నాడు తండ్రి. ఆమె ఒక్కటీ తెరవకుండా డిస్కు మొత్తం చెరిపివేసింది. ఎవరెవరి బ్రతుకు వివరాలో ఆ పూట ఒక దర్జీ మర్యాద వలన భద్రంగా ఉన్నాయి. అవి మరొక ఇంటికి చేరి ఉంటే ఏమయ్యేవో ఎవరు చెప్పగలరు?

కంప్యూటరును మరొకరికి ఇచ్చేవారు రెండు పనులు విధిగా చేయాలి. డిస్కును పూర్తిగా చెరపాలి. బయాస్ పాస్‌వర్డును తీసివేయాలి. మొదటిది తమ క్షేమం కోసం, రెండవది పుచ్చుకునేవారి కోసం. రెండింటికీ కలిపి ఒక పూట చాలు.

కొత్త విండోస్‌లో 8 జీబీలూ పనికివచ్చాయి. డ్రాయింగులు గడువులోగా కళాశాలకు చేరాయి. సెటప్‌కు తాను పెట్టుకున్న కొత్త పాస్‌వర్డును ఆ అమ్మాయి తండ్రి కొలతల పుస్తకం చివరి పుటలో వ్రాసి ఉంచింది. ఎందుకని ఆయన అడిగితే, "రేపు దీన్ని ఎవరికైనా ఇస్తే, వాళ్లు మనలా తిప్పలు పడకూడదు కదా నాన్నా" అన్నది.