బొమ్మలు చూస్తే చదవనట్టేనా?

మీ ఇంట్లో పాత పేపర్లు ఎన్నాళ్ళకోసారి అమ్ముతారు? మా ఇంట్లో దసరాకి ముందొకసారి, సంక్రాంతికి ముందొకసారి. అటక దులిపి, పేపర్లవాణ్ణి పిలిచి, తూకం దగ్గర వాడితో కాసేపు పోట్లాడి, వచ్చిన డబ్బుతో ఏ జల్లెడో చాటో కొనుక్కోవడం మనందరికీ అలవాటే కదా! 1994లో అలా అమ్మేసిన వాటిలో మా నాన్నగారు బైండు చేయించిన చందమామలు కూడా ఉన్నాయి. పొరపాటున కాదండీ, తెలిసే అమ్మాను.

అప్పుడు మా పెద్దాడికి పదేళ్ళు. ఎప్పుడు చూసినా ఆ బైండు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. "చదువుతున్నావా, బొమ్మలు చూస్తున్నావా?" అంటే "రెండూనమ్మా" అనేవాడు. ఆ ఏడు లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఐదో తరగతికి వచ్చినవాడికి ఇంకా బొమ్మల పుస్తకాలేమిటని నాకు ఒళ్ళు మండింది. వాడు బడికి వెళ్ళినప్పుడు తూకానికి వేసేశాను. సాయంత్రం వచ్చి ఇల్లంతా వెతుక్కున్నాడు. సంగతి చెబితే ఏడవలేదు కూడా. ఆ తర్వాత మార్కులైతే వచ్చాయి గానీ, పాఠ్యపుస్తకం కాని పుస్తకం వాడి చేతిలో నేను మళ్ళీ చూడలేదు.

మొన్న వేసవి సెలవుల్లో వాడు బెంగుళూరు నుంచి తన కూతుర్ని తీసుకొచ్చి మా దగ్గర దింపాడు. దానికీ పదేళ్ళే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. వాడు తిరిగి వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అమ్మా, ఆ చందమామలు ఇప్పుడెక్కడైనా దొరుకుతాయా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత! నాకు నోట మాట రాలేదు.

మర్నాడే ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుకి వెళ్ళాను. 1947 జూలైలో మొదలైన చందమామ అచ్చు 2013 నాటికి ఆగిపోయింది. అయితే అందులో సీరియల్సుగా వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యంగారి నవలలు, చిత్రాగారి బొమ్మలతో సహా పుస్తకాలుగా వచ్చాయి. 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళ దుర్గం' లాంటివన్నమాట. ఒకటి తెచ్చి మనవరాలి చేతికిచ్చాను.

ఆవకాయకి ముక్కలు తుడుస్తూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవమన్నాను. 'మాంత్రికుడు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. 'త'కి 'ర' వత్తు దానికి కొరుకుడు పడలేదు. బొమ్మ వంక చూసింది. గడ్డం, చేతిలో కర్ర. "మాంత్రికుడు!" అని గట్టిగా అరిచింది. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు బొమ్మ చూడకుండానే చదివేసింది. అప్పుడర్థమైంది నాకు. నడక నేర్చుకునే పిల్ల గోడ పట్టుకున్నట్టు, చదువు నేర్చుకునే పిల్ల బొమ్మ పట్టుకుంటుంది. కాళ్ళు నిలదొక్కుకున్నాక గోడ తనే వదిలేస్తుంది. మనం లాగేస్తే పడిపోతుంది, అంతే.

గోడలాంటిదే ఇంకోటి ఉంది. పద్యం. వేమన పద్యాల పుస్తకం, బొమ్మలున్నది ఒకటి కొనండి. చాలా పద్యాల్లో చివరి పాదం ఒకటే. అంటే కొత్త పద్యంలో పావు వంతు పిల్లకి ముందే వచ్చేసినట్టే! మిగతా మూడు పాదాలకీ గునగునా నడిచే ఆ ఆటవెలది నడకే సాయం చేస్తుంది. తర్వాత వచ్చే మాట ఎంత పొడుగుండాలో కంటికంటే ముందు చెవికి తెలిసిపోతుంది. రోజుకొకటి చాలు. అప్పగించమని మాత్రం అడగకండి, అడిగితే అది కూడా బడి అయిపోతుంది. మీరు పప్పు ఎనుపుతూ పైకి చదవండి, వాళ్ళే అందుకుంటారు. వేమన అయ్యాక సుమతీ శతకం.

'బుడుగు' సంగతి చెప్పకపోతే ఎలా? ముళ్ళపూడి వెంకటరమణగారి రాత, బాపుగారి గీత. 1950లలో పుట్టిన బుడుగు ఈనాటికీ చిన్నవాడే. అయితే ఒక్క మాట. అందులోది పిల్లవాడి నోటి భాష. తడుముకుంటూ చదివే పిల్లకి అచ్చులో చూస్తే తికమకగా ఉంటుంది. అందుకని మొదటి పది పేజీలూ మీరే చదివి వినిపించండి. మా మనవరాలు సీగానపెసూనాంబ పేరు పలకలేక నవ్వి నవ్వి పొలమారింది.

ఇంకొంచెం పెద్ద పిల్లలకి 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి 1981లో రాసిన 'తొత్తో చాన్' కి తెలుగు. పాత రైలు పెట్టెల్లో తరగతులు జరిగే బడి కథ. చిహిరో ఇవాసాకి గీసిన పసిపిల్లల బొమ్మలు చూస్తూ ఉండిపోవచ్చు. మరో బడి వద్దని పంపేసిన పిల్ల చెప్పే కబుర్లన్నీ అక్కడి హెడ్మాస్టరు మొదటి రోజే నాలుగు గంటలు కూర్చుని వింటాడు. అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మా వాడు చెప్పేది నేను నాలుగు నిమిషాలైనా విన్నానా అనిపించింది.

ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలుంటే గురజాడవారి 'పూర్ణమ్మ' చదివించండి. పాటలా సాగే కథే గానీ, ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్ల కథ అది. ఆ రోజు మీరు పక్కనే ఉండండి. వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు.

సెలవులు అయిపోయే ముందు ఒక రాత్రి పెద్దాడు ఫోన్ చేశాడు. మనవరాలు "నాన్నా, విను" అంటూ 'ముగ్గురు మాంత్రికులు' ఒక పేజీ చదివింది. రెండుచోట్ల తడబడింది, కానీ ఆగలేదు. చదవడం అయ్యాక అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాం.

అప్పుడన్నాడు, "తర్వాతేమైందో కూడా చదువు తల్లీ" అని.

ఈసారి పేపర్లవాణ్ణి పిలిచే ముందు ఆ కట్ట ఒక్కసారి విప్పి చూసుకోండి.