రిటైర్మెంట్ లెక్కలో బోరు ఖర్చు

2004 సెప్టెంబరు నుంచి రాష్ట్ర సర్కారు కొలువుల్లో చేరిన మా సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) వాళ్లకు కొత్త వ్యాపకం రిటైర్మెంట్ క్యాలిక్యులేటర్లు. జమ, పన్ను లెక్క తేలికే: ఎన్‌పీఎస్ (మా సొమ్ము జమయ్యే జాతీయ పింఛను పథకం) నిధిలో 60 శాతం దాకా పన్ను లేకుండా చేతికొస్తుంది, మిగతాది నెలనెలా పింఛనిచ్చే యాన్యుటీకి. ఆ పింఛను మాత్రం పన్ను లెక్కలోకే.

చిక్కంతా ఖర్చుల గడిలో. ఏటా ఆరు శాతం పెరుగుతాయని రాస్తే సరిపోతుందా? అనంతపురంలో వాన మొహం చాటేసిన ఏడాది శెనక్కాయ పంట పోతుంది, తమ్ముడు కొత్త బోరుకు డబ్బడుగుతాడు. (సేద్యం ఆదాయానికి పన్ను లేదు. ఆదాయమొస్తే కదా!) రిటైరైన తొలి ఏళ్లలోనే అలాంటి కరువేళ్లు వరసగా రెండొస్తే అసలు సొమ్మే కరిగిపోతుంది, తర్వాత పెరగడానికేం మిగలదు.

మిత్రులారా, కరువేళ్ల ఖర్చు కూడా కలిపి మళ్లీ లెక్కేసుకోండి.