గూడుబండి జీర్ణోద్ధరణము

క్రొత్త వస్తువును కొనుటకు ధనము చాలును. పాత వస్తువును నిలువబెట్టుటకు ధనముతోబాటు ఓర్పును, పరీక్షయు వలయును. మన పెద్దలు జీర్ణమైన కోవెలను, పూడిన చెఱువును బాగుచేయించుటను పుణ్యకార్యములలో చేర్చిరి. ఇంటి వస్తువుల విషయమునను ఈ ధర్మమే వర్తించునని మా యభిప్రాయము. ఇటీవల మా యింట నొక పాత గూడుబండిని బాగుచేయించితిమి. ఆ సందర్భమున, నీటివలన కొయ్య యెట్లు చెడునో, యెట్లు నిలుచునో మాకు తెలిసిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాది కోనసీమలోని యొక గ్రామము. బస్సులు రాకపూర్వము ఇచ్చటివారు పెండ్లిండ్లకును, తీర్థములకును గూడుబండ్లలోనే పోవుచుండెడివారు. రెండు నొగలపై పలకలు పఱచి, పైన వెదురుబద్దలను విల్లువలె వంచి, చాపలు కప్పి గూడు కట్టెడివారు. లోపల ఎండుగడ్డి పఱచి జంపఖానా వేసినచో పిల్లలకు చక్కని పడక యగును. మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు పోవువారు బియ్యము, పప్పు, వంటపాత్రలు బండిలోనే పెట్టుకొని, త్రోవలోని తోపులలో ఎద్దులను విప్పి, వండుకొని తిని, రాత్రి బండిలోనే పరుండెడివారు. అది నడచెడి యిల్లు. మా అత్తగారు 1971వ సంవత్సరమున నూతనవధువుగా ఈ బండిలోనే మా యింట అడుగుపెట్టిరి.

1998లో ఎద్దులను అమ్మివేసినప్పటినుండి బండి పశువులశాలలో నొక మూలనుండెను. గడచిన వేసవిలో పూటకూటి వ్యాపారి యొకరు వచ్చి, పెద్దరోడ్డు ప్రక్కనున్న తన హోటలు ముంగిట అలంకారముగా నిలుపుటకు బండిని 15,000 రూపాయలకు అడిగిరి. "రంగువేసి దీపాలు కడితే లోపలి చివుకు ఎవరికి కనబడుతుందండీ?" అని వారి మాట. మా వారు బడిపంతులు. మాది జీతమును లెక్కపెట్టుకొని గడుపుకొను సంసారము. బండిని బాగుచేయించుటకు మాయొద్దనున్నది బట్టలుతుకు యంత్రమునకై కూడబెట్టిన 30,000 రూపాయలు మాత్రమే. మా అత్తగారిని అడిగితిమి. "మీ యిష్టం నాయనా" అని లోనికి పోయిరి. ఆ రాత్రి వారు భోజనమునకు లేవలేదు. అమ్ముటకు ముందు దానిలో నిలువదగిన దెంతయున్నదో తెలిసికొందమని మేమిరువురము నిశ్చయించుకొంటిమి.

ఊరిలోని వృద్ధుడగు వడ్రంగిని పిలిపించితిమి. ఆయన మమ్మొక దబ్బనము తెమ్మని, బండిని జానెడు జానెడు దూరమున పొడిచి చూడసాగెను. గట్టికొయ్యలో దబ్బనపుమొన నువ్వుగింజంతయు దిగలేదు. చివికినచోట వ్రేలిపొడవున దిగిపోయెను. పిమ్మట చిన్న కొయ్యసుత్తితో తట్టి మమ్ము వినుమనెను. మంచికొయ్య ఖంగున పలికెను. చెడినది బోలుగా మ్రోగెను. మేము వెంటనుండి చెడినచోట్ల సుద్దతో గుఱుతులు పెట్టితిమి. చిన్ననాడు అమరకోశమున నేమి, నాభి, అక్షము అని చక్రాంగములను వల్లించినవారమేకాని, వానిని చేతితో తాకి యెఱుగము. ఆ వృద్ధుడు పూటి, కుండ, ఇరుసు అని ఒక్కొక్కదానిని చూపి చెప్పుచుండ, ఆనాటి పాఠమునకు ఈనాడు అర్థము కలిగినది. పరీక్ష ముగియుసరికి కుడిచక్రమున రెండు పూటీలు, వెనుకటి పలకలు మూడు, కుడినొగ కొన మూరెడు, గూటిబద్దలు నాలుగు చెడినట్లు తేలెను. ఎడమవైపు అంతయు గట్టిగానుండెను.

ఒకే కొయ్య, ఒకే వయస్సు. ఒకవైపు మాత్రమే చెడుట యేల? 1986 ఆగష్టునాటి గోదావరి వరదయే కారణమని మా వారు తలంచిరి. అంతవఱకును మాటాడని అత్తగారు అప్పుడు నోరు విప్పిరి. "వరద కాదు నాయనా. అప్పుడు అయిదురోజులు ఇరుసుదాకా నీళ్లలోనే నిలిచింది బండి. నీళ్లు తీయగానే మీ తాతగారు బురద కడిగించి, పలకలు విప్పించి, నీడను ఆరబెట్టించారు. ఆ తరువాత పన్నెండేళ్లు ఎద్దులు లాగలేదూ?" అనిరి. వడ్రంగి తల పైకెత్తి చూచెను. సరిగా కుడిమూలకు పైని బంగాళాపెంకు ఒకటి జాఱియున్నది. వాసముపై నీరు కాఱిన నల్లనిచాఱ దిగియున్నది.

కొయ్యను తినునది నీరు గాదు. తడికొయ్యపై పెరుగు బూజుజాతి శిలీంధ్రము. ఎండుకొయ్య బరువుతో పోల్చిన, అందలి తేమ నూటికి 20 పాళ్లకు లోబడియున్నంతకాలము అది పెరుగజాలదు. గాలి తగులక పూర్తిగా నీట మునిగియున్న కొయ్యయందును పెరుగజాలదు. తడియు, గాలియు కలసిన చోటే దానికి పుట్టినిల్లు. పందిరిరాట పైభాగమునగాక మన్నును తాకుచోటనే ముందుగా విఱుగుటను మన మందఱము చూచుచునే యున్నాము. వరద వచ్చిపోయెను; బండి యారెను. పెంకుసందునుండి పడు చినుకు మాత్రము ఏటేట మఱల మఱల వచ్చి, ఆరనీయలేదు. ఇది చాలదన్నట్లు, ఎద్దులను అమ్మిననాడు పలకలకు రక్షణయని రేకుకొట్టి రంగువేసియుండిరి. మేకురంధ్రములగుండ నీరు లోనికి చొచ్చెను. రేకు అడ్డమై బయటికి పోలేకపోయెను.

కావున మొదట బాగుచేసినది బండిని గాదు, పెంకును. తరువాత రేకులు ఊడదీసి, బండిని మూడువారములు గాలివచ్చు నీడను ఉంచితిమి. ఎండలో పెట్టినచో పైపొర త్వరగా ఆరి కొయ్య బీటలువాఱును. పిదప చివుకు కనబడినంతవఱకే గాక, దానికి మించి జానెడు మంచికొయ్యను గూడ కోసివేసిరి. కంటికి కనబడని పోగులు ముందుకు ప్రాకియుండును. నొగకొనకు అతుకు వేయునపుడు కొయ్య మందమునకు ఎనిమిదింతల పొడవున ఏటవాలుగా కోసి జతపఱచిరి. పొట్టి అతుకు బరువునకు తాళదు. పూటీలకు బాగుగా ఎండిన నల్లతుమ్మ, పలకలకు టేకు వాడిరి. కొయ్య తెగినకొనలు ప్రక్కలకంటె మిక్కిలిగా నీరు పీల్చును గావున, వానికి అవిసెనూనెను రెండుమార్లు పట్టించితిమి. ఈ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేయరాదు. తమంతట వేడెక్కి అంటుకొనును. విప్పి ఆరవేయవలయును. పలకల నడుమ రూపాయిబిళ్ల మందమున సందువిడిచి, రేకు మఱల వేయలేదు. క్రొత్త వెదుళ్లను మూడువారములు కాలువనీట నానవేసి, ఆరిన పిదప వంచిరి. అందలి తీపి నీట కరగిపోవుటచే పురుగు పట్టదు.

చక్రమునకు ఇనుపకట్టు వేసిన దినమున వీధి వీధియంతయు మా వాకిట చేరెను. మా చక్రము అడ్డుకొలత 5 అడుగులు. అనగా చుట్టుకొలత సుమారు 188 అంగుళములు. కట్టును దానికంటె అంగుళము తక్కువగా చేసి, పిడకలమంటలో కాల్చిరి. 500 డిగ్రీలు వేడెక్కిన ఇనుము అంతపొడవున అంగుళమునకు మించి సాగును. ఎఱ్ఱబడిన కట్టును నలుగురు పట్టుకాఱులతో ఎత్తి చక్రముపై దించి, వెంటనే నీళ్లు కుమ్మరించిరి. ఆవిరి లేచెను, పూటీలు, ఆకులు కిఱకిఱలాడుచు ఒండొంటిని బిగించుకొనెను. ఏ మేకును, ఏ జిగురును అంత బిగువును ఈయజాలదు.

ఖర్చు మొత్తము 28,000 రూపాయలైనది. మేము ఇప్పటికిని బట్టలను చేతితోనే ఉతుకుకొనుచున్నాము. పూటకూటివారికి వినయముతో లేదని చెప్పి పంపితిమి. కనుమనాడు అద్దె యెద్దులను పూన్చి, జగ్గన్నతోట ప్రభలతీర్థమునకు బయలుదేరితిమి. అత్తగారు లోపల గడ్డిపై కూర్చుండి, పిల్లలకు ఏ మలుపున తమ బండి నిలిపిరో, ఏ రేవున కాళ్లు కడిగికొనిరో చెప్పుచు వచ్చిరి. దారిపొడవునను వారి చేయి ఆ క్రొత్తపలకను వదలలేదు.

సోదరీమణులారా! అందఱి యిండ్లలోను బండి యుండకపోవచ్చును. చూరు, ద్వారబంధము, బియ్యపుపెట్టె ఉండకపోవు. పెద్ద ఆపదను అందఱు చూతురు, అందఱు చేయివేయుదురు. చినుకును చూచువారు ఇంటనుండు మనమే. ఆషాఢము రాకపూర్వమే పెంకులు చూపించుడు. గోడకు ఆనించిన కొయ్యను జానెడు ఎడముగా జరుపుడు. ఒక దబ్బనము చేతబట్టి ద్వారబంధముల మొదళ్లు పొడిచిచూడుడు. మొన దిగినచోట రంగు పూయింపకుడు. నీరు వచ్చు త్రోవను వెదకుడు.